ఎర్రకార్ల ఊరిలో ఒక దినము

నిరుడు సెప్టెంబరు నెలలో ఇటలీ దేశంలోని మిలాన్ పట్టణంలో సంఘాల సమావేశం ఒకటి జరిగితే మేమూ, మాతోపాటు మరి ఇద్దరు సహోదరులూ వెళ్ళివచ్చాము. ఆ సమావేశపు సంగతులు వేరేచోట చెప్పాము గనుక ఇక్కడ ఎత్తము. అది ముగిశాక మాకు ఒక దినము ఖాళీ దొరికింది. ఆ దినము చూసివచ్చిన ఊరిని గురించీ, ఒక డబ్బా పెయింటుకు మనుషుల మనసులమీద ఉన్న అధికారాన్ని గురించీ నాలుగు మాటలు రాయాలనిపించింది. కార్ల సంగతి మాకెందుకని పేజీ తిప్పేయవద్దు. మాకూ వాటిని గురించి తెలిసింది తక్కువే.

మిలాన్ నుండి బొలోన్యా వైపు పోయే రైలు ఎక్కాము. పియాచెంజా దగ్గర పో నది దాటాక నేల అరచేతిలా చదునుగా ఉంటుంది. కృష్ణా డెల్టాలో పోతున్నట్లే తోచింది. అటూ ఇటూ మొక్కజొన్న, ద్రాక్ష, ట్రాక్టరు తొట్లలో కుప్పలు పోసిన టమాటా. రెజ్జో ఎమిలియా స్టేషనులో తలపాగా కట్టుకున్న పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసి నవ్వి చేయి ఊపారు. ఈ ప్రాంతంలో పాడి పశువులను చూసుకునే పనిలో మన పంజాబు వారు చాలామంది ఉన్నారు. నొవెల్లారా అనే ఊళ్ళో పెద్ద గురుద్వారా కూడా ఉంది. పరదేశంలో మనవాళ్ళ ముఖం కనబడితే కలిగే సంతోషం అనుభవించినవారికే తెలుసు.

మోడెనా స్టేషనులో మా ఆతిథేయుడు ఎదురుచూస్తున్నాడు. ఆయన డెబ్బై దాటిన రిటైరైన బడిపంతులు, అక్కడి మెథడిస్టు సంఘపు సభ్యుడు. తెల్లని ఫియట్ పాండా కారులో మా ముగ్గురినీ ఇరికించి, దక్షిణంగా పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని మరనెల్లోకు తీసుకుపోయాడు. పదిహేడు వేల జనాభా ఉన్న చిన్న ఊరు అది. మన మండల కేంద్రమంత. అయినా ప్రపంచమంతటి నుండీ జనం అక్కడికి వస్తారు, ఎందుకంటే ఫెరారీ కార్లు తయారయ్యేది అక్కడే.

ఎంజో ఫెరారీ 1898లో మోడెనాలో పుట్టాడు. యుద్ధకాలంలో, 1943లో తన కర్మాగారాన్ని మరనెల్లోకు మార్చుకున్నాడు. 1947 మార్చి 12న తన పేరుగల మొదటి కారును ఆ గేటులోనుండి తానే నడుపుకుంటూ బయటికి తెచ్చాడు. 1988లో కన్నుమూశాడు. ఇప్పుడు ఆ ఊళ్ళో కొట్టు బోర్డులు ఎరుపు, జెండాలు ఎరుపు, పిల్లల టోపీలు ఎరుపు. నాలుగు రోడ్ల కూడలిలో ముందుకాళ్ళు ఎత్తిన గుర్రం బొమ్మ. మా సహోదరుల్లో ఒకరు, "గుంటూరు మిరపయార్డులో దిగినట్లుందండీ" అన్నారు.

మ్యూజియం ముందు వీధిలో ఈ కార్లను నిమిషాల లెక్కన అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. పది నిమిషాల సవారీకి మన రూపాయల్లో వేలు అవుతుంది. మేము ఎక్కలేదని చెప్పనక్కరలేదు. ఎదురుగా ఉన్న బల్లమీద కూర్చుని రొట్టె తింటూ చూశాము. ఒక దుకాణం ముందు రెండు కార్లు నిలిపి ఉన్నాయి. రెండూ ఒకే మోడలు, ఒకే ఇంజను, అద్దె కూడా ఒకటే. ఒకటి ఎరుపు, ఇంకొకటి బూడిదరంగు.

మేము కూర్చున్నంతసేపూ ఎర్రదాని చుట్టూ జనమే. బస్సు దిగిన జపానువారు దాని పక్కన వరుసకట్టి ఫొటోలు దిగారు. సైకిలుమీద పోతున్న ముసలాయన ఒకడు ఆగి, ఒక కాలు నేలమీద ఆనించి, కళ్ళారా చూసి పోయాడు. చంటిపిల్లవాడు తల్లి చంకలోనుండి అటే వంగిపోయాడు. బూడిదరంగు కారు దగ్గర ఎవరూ నిలబడలేదు. ఒకావిడ ఎర్రకారును ఫొటో తీయడానికి చోటుకోసం వెనక్కి నడుస్తూ నడుస్తూ దానికే ఆనుకుంది, అదీ ఫెరారీయేనని గమనించకుండానే!

కాసేపటికి ఎర్రకారులో సవారీ ముగించుకుని ఒకాయన దిగాడు. నల్లకళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా. దాచటమెందుకు, 'డబ్బు మదం' అని మేము లోలోపల అనుకున్నాము. మా ఆతిథేయుడు ఆయనతో మాట కలిపి, తిరిగివచ్చి చెప్పాడు. ఆయన కలాబ్రియా నుండి వచ్చిన బస్సు డ్రైవరట. ఆ నెలే రిటైరయ్యాడట. పిల్లలు ముగ్గురూ తలా కొంత వేసుకుని పది నిమిషాల సవారీ బహుమానంగా ఇచ్చారట. మనిషి ఇంకా వణుకుతున్నాడు సంతోషంతో. అదే మనిషి బూడిదరంగు కారులోనుండి దిగి ఉంటే మేము ఆయన సంగతే తలచేవారము కాము. ఆయనను గురించి చెడుగా అనుకున్నది మేమే అయినా, ఆ తలంపు పుట్టించింది మాత్రం రంగే.

ఈ ఎరుపు ఫెరారీ కనిపెట్టినది కాదు. ఆయన పిల్లవాడుగా ఉన్న దినాల్లోనే మోటారు పందాల్లో ప్రతి దేశానికీ ఒక రంగు ఏర్పడింది. ఫ్రాన్సుకు నీలం, బెల్జియానికి పసుపు, జర్మనీకి తెలుపు, ఇటలీకి ఎరుపు. బ్రిటనువారి ఆకుపచ్చకు ఒక కథ ఉంది. 1903లో పందెం నడపవలసిన వంతు వారిదైంది గాని, వారి రోడ్లమీద పందాలకు చట్టం ఒప్పుకోదు. అందుచేత ఐర్లండులో నడిపారు. ఆ నేలమీద గౌరవంతో కార్లకు ఆకుపచ్చ పూశారు. ఆ రంగే వారికి నిలిచిపోయింది. జర్మనీవారు 1930ల నడుమ తెలుపు వదిలి వెండిరంగుకు మారారు. బరువు ఎక్కువైందని రాత్రికి రాత్రి పెయింటు గీకేస్తే లోపలి రేకు బయటపడిందని ఒక ముచ్చట చెబుతారు. చరిత్ర రాసేవారిలో కొందరు దాన్ని నమ్మరు.

అలా ఆ కార్లకు పూసింది ఒకవిధంగా దేశపు జెండాయే. ఎర్రకారు గెలిస్తే ఇటలీ గెలిచినట్లు. తరువాత 1968 నుండి పందాల కార్లమీద వ్యాపార ప్రకటనలు వచ్చాయి. బ్రిటనువారి లోటస్ కార్లు దేశపు ఆకుపచ్చను విడిచి ఒక సిగరెట్టు పెట్టె రంగులు వేసుకున్నాయి. ఆ సంగతి విన్నప్పుడు మాకు బాధ కలిగింది. పాస్టర్లము గనుక అనుకోండి. అందరూ మారినా ఫెరారీ మాత్రం ఎరుపును వదలలేదు. అందుకే ఒకప్పుడు ఒక దేశానిదైన రంగు క్రమేణా ఒక కర్మాగారానిదై కూర్చుంది.

వదలలేదన్నాము గాని, ఒకసారి వదిలింది. 1964లో ఎంజో ఫెరారీకి తన దేశపు మోటారు పెద్దలతో తగవు వచ్చింది. తాను కొత్తగా చేసిన ఒక కారును పందాలకు అనుమతించే విషయంలో వారు తన పక్షాన నిలబడలేదని ఆయనకు కోపం. ఇక ఇటలీ ఎరుపులో పరుగెత్తనని, ఆ యేటి చివరి రెండు పందాల్లో, అమెరికాలోనూ మెక్సికోలోనూ, కార్లకు నీలం తెలుపు పూయించి దింపాడు. ఆ యేటి ప్రపంచ విజేత జాన్ సర్టీస్ ఆ కిరీటం గెలిచింది ఆ నీలం తెలుపు కారులోనే. మన ఊళ్ళల్లో ఇద్దరికి మాట పడకపోతే పెళ్ళికి వెళ్ళడం మానేస్తారు. ఆయన రంగు మానేశాడు. అంతకంటే గట్టిగా తిట్టలేడు.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో ఘోరం జరిగిన వారంలోనే మోంజాలో ఇటలీ పందెం వచ్చింది. ఆ దినము ఫెరారీ కార్లు ప్రకటనలన్నీ తీసివేసి, ముందుభాగానికి నల్లరంగు వేసుకుని వచ్చాయి. మా ఆతిథేయుడు ఆనాడు మైదానంలో ఉన్నాడట. "మేము జెండాలు తెచ్చుకున్నాం. ఆ నల్లముక్కు కనబడగానే మా వరుసలో ఎవరికీ అరవబుద్ధి కాలేదు" అన్నాడు. జానెడు నలుపు చేసిన పని అది.

ఊళ్ళోని సాన్ బియాజో కతోలిక దేవాలయం కూడా చూపించాడు. ఫెరారీ పందెం గెలిస్తే అక్కడ గంటలు మోగించే వాడుక ఉంది. దేవాలయపు గంట దేనికి మోగాలన్న విషయంలో మా అభిప్రాయం వేరు. అయినా ఆ కర్మాగారంలో కూలి సంపాదించి పిల్లలను పెంచుకున్న ఊరు అది. వారి సంతోషం తప్పని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఇంకో సంగతి. ఫెరారీ గుర్తులో గుర్రం నలుపు, దాని వెనుక పసుపు. ఆ గుర్రం మొదట ఫ్రాంచెస్కో బరాక్కా అనే విమానయోధునిది. 1918లో యుద్ధంలో అతడు చనిపోయాడు. తరువాత అతని తల్లి ఆ గుర్తును వాడుకోమని ఎంజోకు చెప్పిందంటారు. పసుపు మాత్రం మోడెనా పట్టణపు రంగు. అంటే ఇటలీకి ఎరుపు అయితే సొంత ఊరికి పసుపు. 2022లో సంస్థకు 75 ఏళ్ళు నిండాయని మోంజాలో కార్లమీద పసుపు ఎక్కువగా వేస్తే, ఎరుపుమీద చేయి వేశారని కొందరు అభిమానులు ముఖం చిట్లించారట. ఊరి రంగే సుమా అది!

మధ్యాహ్నం సాంత్ అగాతా అనే పల్లెకు వెళ్ళాము. లంబోర్గీని కార్లు అక్కడ చేస్తారు. మా పాఠకుల్లో రైతులు ఎక్కువ గనుక ఇది చెప్పాలి: ఫెర్రుచ్చో లంబోర్గీని రైతుబిడ్డ. 1916లో పుట్టాడు. యుద్ధం తరువాత, మిగిలిపోయిన మిలిటరీ వాహనాల విడిభాగాలతో ట్రాక్టర్లు కట్టి అమ్మి డబ్బు గడించాడు. 1963లో ఇక్కడ కార్ల కర్మాగారం పెట్టాడు. తాను కొన్న ఫెరారీలో క్లచ్చి బాగాలేదని చెప్పబోతే, ట్రాక్టర్లవాడివి నీకేం తెలుసునని ఎంజో అన్నాడనీ, ఆ పంతంతో మొదలుపెట్టాడనీ అందరూ చెప్పుకునే కథ.

ఎరుపు పక్కవాడిది అయిపోయింది కదా, ఇతని కార్లు నారింజ, పసుపు, చిలకపచ్చ రంగుల్లో వచ్చాయి. 1966లో జెనీవా ప్రదర్శనలో మియూరా నారింజరంగులో వచ్చింది. 1971లో అక్కడే పసుపురంగు కౌంటాష్ వచ్చింది. 'కౌంటాష్' అన్నది ఆ దేశపు వాయవ్య మూలనున్న పీడ్‌మాంటు యాసలో ఆశ్చర్యంతో నోట వెలువడే మాట. మనం 'అమ్మో!' అన్నట్లు. చూసినవాడి నోటిమాటనే కారుకు పేరు పెట్టారు. మ్యూజియంలో గమనించాము. మరనెల్లోలో జనం ఎర్రకారును చూసి ఒక మర్యాదలాంటిదేదో చూపుతారు. ఇక్కడ చిలకపచ్చ కారును చూసి నవ్వుతారు. పిల్లలు కేరింతలు కొడతారు. ధర అంతే, వేగమూ అంతే.

అప్పుడు మా ఆతిథేయుడు పోలీసు కారు సంగతి చెప్పాడు. 2004లో లంబోర్గీనివారు గల్లార్దో అనే కారును ఇటలీ పోలీసులకు ఇచ్చారు. తరువాత హురకాన్ ఇచ్చారు. వాటికి పోలీసుల లేతనీలం, తెలుపు పూశారు. ముందుభాగంలో చల్లదనం నిలిచే పెట్టె అమర్చారు, మార్పిడికి తీసిన అవయవాలను వేగంగా చేర్చడానికి. 2020 నవంబరులో ఒక మూత్రపిండాన్ని పాదువా నుండి రోముకు, సుమారు ఐదువందల కిలోమీటర్లు, దాదాపు రెండు గంటల్లో చేర్చింది. పెద్దాయన ఇలా అన్నాడు: "హైవేమీద వెనుకనుండి పసుపు లంబోర్గీని లైట్లు కొడితే నాకు ఒళ్ళు మండుతుంది. దారి ఇవ్వబుద్ధి కాదు. అదే బండి నీలంతెలుపులో వస్తే పక్కకు తప్పుకుని, లోపల ఎవరి కొడుకు ప్రాణమో అని ప్రార్థన చేసుకుంటాను."

ఆ మాట విన్నాక మేము చాలాసేపు మాట్లాడలేదు. మా సొంత సంగతి జ్ఞాపకం వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం పల్నాడులోని మా పాస్టరేటులో ఏడు ఊళ్ళు తిరగడానికి మోటారుసైకిలు చాలక, ఒక సెకండ్‌హ్యాండు ఆల్టో కొన్నాము. తక్కువలో వచ్చింది గనుక కొన్నాము. అది ఎర్రగా ఉంది, అంతే. రెండు వారాల్లో మాట పుట్టింది. 'అయ్యగారికి ఎర్రకారు వచ్చింది.' పక్క పాస్టరేటులో అయ్యగారికి దానికి రెండింతల ఖరీదుగల తెల్లకారు ఉంది. దాన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. కమిటీలో మా సంఘపెద్ద ఒకాయన లేచి, "కారు కొన్నందుకు కాదండీ, ఆ రంగు సినిమావాళ్ళ రంగు" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. మన తెలుగువారికి ఎర్రబస్సు అంటే పల్లెటూరి బైతు ఎక్కేది, ఎర్రకారు అంటే కులాసారాయుడు ఎక్కేది! తెల్ల అంబాసిడరు కనబడితే, లోపల ఎవరున్నారో తెలియకపోయినా లేచి నిలబడిన తరం మాది.

మాటలు పట్టించుకోకుండా అలాగే తిరిగేవారము. ఒక రాత్రి చివరి ఊళ్ళో ఒక విధవరాలి కోడలికి నొప్పులు వచ్చాయి. ఆ అవ్వకు మా నంబరు ఉంది, మేము ఇంట్లోనే ఉన్నాము, కారు వాకిట్లోనే ఉంది. అయినా ఫోను చేయలేదు. ఆటో కోసం గంటసేపు వెతికి, గుంతల రోడ్డుమీద ఆసుపత్రికి తీసుకుపోయింది. దేవుని దయవలన తల్లీబిడ్డా క్షేమం. మర్నాడు చూడబోయి, "ఎందుకు పిలవలేదమ్మా?" అని అడిగితే ఆమె తల వంచుకుని, "అంత షోకు బండిలో, అయ్యగారూ, రక్తం అంటుకుంటే..." అంది.

ఆ వారమే పెయింటరు దగ్గరికి తోలుకుపోయాము. కొన్న ధర ఎంతో, దాని మీద ఆ ఖర్చు మాకు బరువే. ఆర్.టి.ఓ. ఆఫీసులో రంగు మార్పు ఆర్.సి.లో రాయించుకోవడానికి రెండుసార్లు తిరిగాము. కారు తెల్లగా ఇంటికి వచ్చింది. ఆ తరువాత ఆ బండిలో ఎన్ని కాన్పులు, ఎన్ని పాముకాట్లు వెళ్ళాయో లెక్కపెట్టలేదు. ఇంజను అదే, సీట్లు అవే, నడిపేది మేమే.

తిరుగుదారిలో పొద్దు వాలింది. ఒక విచిత్రం చూశాము. పగలు మండిపోతున్న ఎర్రకార్లు మునిమాపు వేళకు నల్లబడిపోయాయి. రోడ్డుపక్క ఆకుపచ్చ మాత్రం ఇంకా కనబడుతూనే ఉంది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపే ముందు చీకటిపడుతుంది. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1819లోనే ఈ సంగతి గమనించాడు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు 2007లో వెల్లడించిన పరిశీలనలో కూడా పగటివేళ తెల్లకార్లకంటే నల్లకార్లకు ప్రమాదాలు పన్నెండు శాతం దాకా ఎక్కువని తేలింది. ఎర్రకారుకు ఇన్సూరెన్సు ఎక్కువ కట్టాలని అమెరికాలో చాలామంది నమ్ముతారట. అది వట్టిమాట. మన దేశంలోనూ ప్రీమియం ఇంజను సామర్థ్యాన్నీ, బండి వయసునూ, విలువనూ బట్టే గాని రంగును బట్టి కాదు.

1990ల ఆరంభంలో ఫెరారీ అమ్మిన కార్లలో చాలావరకు ఎరుపేనట. ఇప్పుడు ఆ వాటా బాగా తగ్గింది. కొనేవారు బూడిద, నలుపు, నీలం అడుగుతున్నారు. అందరూ తిరిగి చూడటం వారికి ఇష్టం లేదేమో. మా ఆతిథేయుడికి మాత్రం ఇది అన్యాయంగా ఉంది. "అంత డబ్బు పోసి కొని దాచుకుంటారా?" అన్నాడు, తన తెల్ల పాండా గేరు మారుస్తూ.

ఇంటికి వచ్చాక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఫొటోలు చూపించమన్నారు. మరనెల్లోలో మేము ముగ్గురం దిగిన ఫొటో ఒకటే ఉంది. ఎర్రకారు దగ్గర వరుస పెద్దది గనుక, ఖాళీగా ఉన్న బూడిదరంగు కారు పక్కన నిలబడ్డాము. ఫోను చేతులు మారుతూ, ఆనాడు కమిటీలో లేచిన సంఘపెద్ద దగ్గరికి వచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి, బాగా నిరాశపడి అన్నాడు:

"అంతదూరం పోయి, ఎర్రదాని దగ్గర దిగలేకపోయారా అయ్యగారూ!"